సర్దార్ బిళ్ళ

ఒకప్పుడు బాయి దీపాలు దాచిన పాత ల్యాంప్ రూంలోంచి అరవై రెండు పెట్టెలను మోసి ట్రాక్టరెక్కించిన రోజున, వాటికి వేలాడుతున్న ఇత్తడి బిళ్ళలను, ఆ పెట్టెల బాగోగులు చూసే స్వరూప ఒక్కొక్కటే విప్పి ప్లాస్టిక్ బకెట్‌లో వేసింది. ఒక్కో బిళ్ళ మీద ఒక్కో నంబరు. ఆ నంబరుతో ముప్పయ్యేళ్ళు బొగ్గుబాయి దిగిన మనుషులు ఏడో నంబరు కాలనీలో ఇంకా బతికే ఉన్నారు. ఉన్నారంటే అదంతా ఆ పెట్టెల పుణ్యమే.

దుమ్ము తిని గట్టిపడిన ఊపిరితిత్తులు తమంతట తాము లేవవు. డాక్టర్లు రొమ్ముకూ పొట్టకూ మధ్యనున్న కండరానికి సన్నటి తీగ కుట్టి, మెడలో తాయెత్తులాంటి యంత్రం వేలాడదీశారు. ఏ క్షణాన ఎంత గాలి లాగాలో తాయెత్తుకు చెప్పేది మాత్రం ల్యాంప్ రూంలోని పెట్టె. మనిషి రొమ్ముకు నకలు ఒకటి ఆ పెట్టెలో నడుస్తుండేది. ముందు నకలు పీల్చేది, వెనకాల మనిషి పీల్చేవాడు. కాలనీలో దాన్ని 'జంట' అనేవాళ్ళు. జంట నుంచి కబురు ఆలస్యమైతే తాయెత్తు తనకు తోచినట్టు ఒకే లెక్కన ఊపిరి తోలేది. పడుకున్న మనిషికి ఆ గుడ్డి ఊపిరి సరిపోతుంది. ఆయాసంలో ఉన్నవాడికి మాత్రం రొమ్ము పట్టేస్తుంది.

పెట్టెలకు బిళ్ళలు కట్టమని ఎవరూ చెప్పలేదు. ముసలివాళ్ళే వచ్చి ఎవరి పెట్టెకు వాళ్ళు కట్టుకుపోయారు.

"ఏందే ఇది? మా బిళ్ళలను వంకాయలోలె బకెట్ల ఏసుకొచ్చినవ్?" అన్నాడు స్వరూప తండ్రి ఓదెలు, గడపలో నులక మంచం మీదినుంచే. ఇరవై రెండేళ్ళు సర్దార్‌గా చేసిన మనిషి. షిఫ్టులో తన గుంపు మంచిచెడ్డలన్నీ సర్దార్ పూచీయే.

"పెట్టెలు పోయినయి గద బాపు. ఇంక వీటిని యాడ కట్టాలె?"

"మరి నా జంట యాడున్నది?"

"నాలుగు పెద్ద మెషీన్లొచ్చినయి. అందరి జంటలు ఆ నాలుగింట్లనే కలిసుంటయి. ఎవ్వలకు ఎంత పని పడితే అంత, అప్పటికప్పుడు పంచిపెడతది. ఒకటి ఖరాబైతే మిగతా మూడింట్లకు జరుగుతరు. నిరుడు ఎండాకాలం లెక్క ఆగమాగం ఉండది."

నిరుడు ఎండలకు రెండు పెట్టెలు కాలిపోయాయి. ఆ రకం సామాను ఎక్కడా దొరక్క, పోయినవాళ్ళ పెట్టెల్లోంచి పీకి వేశారు. ఈలోగా ఎదురింటి రాజేశానికి పదకొండు నిమిషాలు గుడ్డి ఊపిరి మీద ప్రాణం నిలబెట్టింది స్వరూపే. ఆ తర్వాత ఆఫీసు చుట్టూ ఏడాది తిరిగి కొత్త మెషీన్లు తెప్పించిందీ ఆమే.

ఆ రాజేశం ఇప్పుడు తన అరుగు మీదినుంచి అందుకున్నాడు. బాయిలో మందు పెట్టి బొగ్గు పేల్చినవాడు, నోరు కూడా అట్లాగే ఉంటుంది. "అంటే బాయిల బొగ్గు మోసే టబ్బులు తీసేసి బెల్టు ఏసిన్రన్నట్టు."

"అట్లనే కాక."

"బెల్టు ఏసినప్పుడు గిట్లనే మస్తు చెప్పిన్రు. సగం మందిని ఇంటికి తోలిన్రు."

"మిమ్మల్ని యాడికి తోలుతం కాక? ఇంట్లనే ఉన్నరు గద!"

రాజేశం నవ్వాడు. నవ్వు దగ్గయింది. మెడలో తాయెత్తు వేగం పెంచి అతడి రొమ్మును నాలుగుసార్లు లాగి నిలబెట్టింది. "సూసినవా సర్దార్, నీ బిడ్డ నగనిస్తది, సావనియ్యది," అన్నాడు.

ఓదెలు ఆ సాయంత్రమే ఒక చెక్కపలకకు అరవై రెండు మేకులు కొట్టించి, వరండా గోడకు తగిలించి బిళ్ళలన్నీ వేలాడదీయించాడు. బాయి దగ్గర ఉండే బోర్డు ఇలాంటిదే. దిగేవాడు బిళ్ళ బోర్డుకు పెట్టి దిగుతాడు, పైకొచ్చినవాడు తన బిళ్ళ తీసుకుపోతాడు. బోర్డు మీద బిళ్ళ ఉన్నదంటే మనిషి ఇంకా కింద ఉన్నాడని. సర్దార్ గాలి చూడడానికి అందరికంటే ముందు దిగుతాడు, అందరినీ ఎక్కించి ఆఖర్న ఎక్కుతాడు. అందుకే ఓదెలు తన బిళ్ళను కింది వరస చివరి మేకుకు పెట్టించాడు.

"ఆఖర్న పెట్టుకున్నవ్, ఎవ్వలన్న ఎత్తుకపోతరు సర్దార్," అన్నాడు రాజేశం.

"నువ్వు తప్ప దొంగలెవ్వలున్నరిక్కడ?"

*

పెట్టెలు ఇంకా ల్యాంప్ రూంలో ఉన్నప్పుడే, మెషీన్లు బిగించడానికి ఫణీంద్ర అనే కుర్ర ఇంజినీరు తెనాలి నుంచి వచ్చాడు. పని మొదలుకాకముందు ఒకసారి చూసిపోవడానికి వచ్చినరోజు మధ్యాహ్నం రెండింటికి, టీ గ్లాసు అతడి చేతిలోంచి ఎగిరి చొక్కా మీద పడింది.

"ఏంటండీ ఆ కూత!"

"ఏ కూత?" అంది స్వరూప.

అతడు కిటికీ వైపు చూపించాడు. అప్పటికి ఆగిపోయింది. "ఓ, సైరనా? షిఫ్టు మారింది," అని నవ్వింది. ఆమె ఆ సైరన్ కిందే పుట్టింది, దాని కిందే చదువుకుంది. కాపురం చెడి ఆ క్వార్టర్‌కే తిరిగొచ్చింది. రోజుకు మూడుసార్లు కాలనీ కిటికీ రెక్కలు అదిరేవి. ఆమె చెవికి మాత్రం అది చేరేది కాదు.

తర్వాత వానలు పట్టాయి. బాయిలో పంపు కాలి నీళ్ళు నిండాయి. ఇరవై మూడు రోజులు పని బందైంది, సైరనూ బందైంది. పెట్టెల పని కొలిచింది ఆ రోజుల్లోనే. ఒక్కో పెట్టె తన శక్తిలో పదోవంతు కూడా వాడడం లేదు. ఆయాసం వచ్చిన కాసేపు ఎగబాకుతుంది, మళ్ళీ పడిపోతుంది. అరవై రెండింటి పనీ కలిపి చూసినా నాలుగు మెషీన్లలో సగం నిండలేదు.

"అందరికీ ఒకేసారి ఆయాసం రాదు కదండీ," అన్నాడు ఫణీంద్ర. "ఒకాయన మెట్లెక్కుతుంటే ఇంకొకాయన కునుకు తీస్తుంటాడు. ఈ పద్ధతంతా ఆ ధైర్యం మీదే నడుస్తుంది."

స్వరూప తలూపింది. లెక్క సరిగానే ఉంది. వారంలో జంటలన్నిటినీ కొత్త మెషీన్లలోకి మార్చేశారు.

చివరిగా మిగిలింది పేర్ల పట్టిక. మెషీన్ల శక్తిలో ఎవరికెంత పాలు రావాలో అందులో రాయవచ్చు. అందరికీ సమానమే రాశారు. ఫణీంద్ర భోజనానికి వెళ్ళినప్పుడు ఆమె తండ్రి పేరు దగ్గర ఆగింది. అందరిలోకీ పాడైన రొమ్ము ఓదెలుది. అతడి ఊపిరి లెక్క గట్టడానికి ముగ్గురి పని పడుతుంది. కరువొస్తే ముందు పడిపోయేది అతడే. ఒక మెషీన్‌లో సగభాగం అతడి పేరు మీద పెట్టి తాళం వేసింది. తాళం వేసిన భాగం వాడినా వాడకున్నా ఇంకొకరికి పోదు. సగం ఖాళీగా ఉన్న మెషీన్లలో ఆ కాస్త తీసిపెడితే ఎవరికి తక్కువని అనుకుంది. నిజంగానే ఆ రోజున ఎవరికీ తక్కువ కాలేదు.

*

సోమవారం బాయి మళ్ళీ మొదలైంది. తెల్లారేసరికి కాలనీలో పండగలా ఉంది. మళ్ళీ మస్టర్‌లో హాజరు పడుతుందని కుర్రవాళ్ళు బండ్లు తుడుచుకుని టిఫిన్ డబ్బాలతో బయలుదేరారు. స్వరూప, ఫణీంద్ర ల్యాంప్ రూంలో తెర ముందు కూర్చున్నారు. తెర మీద అరవై రెండు పచ్చ చుక్కలు.

సరిగ్గా ఆరింటికి ఒక చుక్క పసుపైంది, అంటే గుడ్డి ఊపిరిలో పడింది. తర్వాత ఏడు, తర్వాత లెక్కకు అందలేదు.

"లైను పోయిందా?" అంది స్వరూప.

"లేదండీ. నాలుగు మెషీన్లూ నిండిపోయాయి. అందరూ ఒకేసారి అడుగుతున్నారు."

"ఒక్కసారే అందరెందుకు అడుగుతరు?"

ఫణీంద్ర ఆమె వైపు వింతగా చూశాడు. "సైరనండీ! వినపడట్లేదా మీకు?"

చెవి పెట్టి వింటే దాని తోక మాత్రమే దొరికింది. అప్పుడు గుర్తొచ్చింది. రిటైరై పదకొండేళ్ళయినా పొద్దున ఆరింటికి తండ్రి మంచం మీద ఉలిక్కిపడి లేస్తాడు. కాళ్ళు నేల మీద బూట్లను వెతుక్కుంటాయి. గుండె దడదడ కొట్టుకుంటుంది. నాలుగైదు నిమిషాలకు తను ఇంట్లోనే ఉన్నానని తెలిసి మళ్ళీ వాలిపోతాడు. అది ఓదెలుకే కాదు, రాజేశానికీ అంతే, అరవై రెండు మందికీ అంతే. అందరూ పొద్దటి షిఫ్టు దిగినవాళ్ళే, మిగతా రెండు కూతలు వాళ్ళను కదిలించవు. ఎవరి పెట్టె వాళ్ళకున్నప్పుడు ఆరింటి బరువు ఏ పెట్టెకాపెట్టె మోసేసింది. కలిపి చూసినవాళ్ళు లేరు. చూడాల్సిన రోజుల్లో సైరన్ లేదు.

ఫణీంద్ర చేతులు ఆగకుండా కదులుతున్నాయి. "ఇక్కడ సగం మెషీనుకు తాళం ఉందండీ! ఇది విప్పితే కాస్త..." అని పేరు చదివి ఆగిపోయాడు. మౌస్ మీంచి చెయ్యి తీసి, దాన్ని మెల్లగా ఆమె ముందుకు జరిపాడు.

స్వరూప చెయ్యి వేసింది. చూపుడువేలు నొక్కితే చాలు. నొక్కితే తండ్రి రొమ్ము పట్టేస్తుంది. పసుపు చుక్కల నడుమ అతడొక్కడే నిండు పచ్చగా ఉన్నాడు. బల్ల మీద ఫోను మోగింది. రాజేశం భార్య లచ్చక్క పేరు. ఆగి మళ్ళీ మోగింది. స్వరూప వేలు నొక్కలేదు, ఫోనూ ఎత్తలేదు.

నాలుగు నిమిషాలకు చుక్కలు వాటంతటవే పచ్చబడ్డాయి. రెండు నల్లబడ్డాయి. ఒకటి మూడో వీధి జానీమియా, రెండోది రాజేశం.

*

"పోనెందుకు ఎత్తలేదే బిడ్డా?" అని అడిగింది లచ్చక్క, శవం పక్కన కూర్చుని. నిష్ఠూరంగా కాదు, అర్థం కాక అడిగింది. "నువ్వొస్తె బతుకుతుండె. నిరుడు నువ్వే బతికియ్యలె?"

స్వరూప ఆమె కాళ్ళ దగ్గర కూలబడింది. దుఃఖమనుకుని ఆడవాళ్ళు వీపు నిమిరారు.

ఓదెలు రాజేశం అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఏడవలేదు. బోర్డు మీది రెండు బిళ్ళలు తీయించి, ఒకటి జానీమియా ఇంటికి పంపాడు. రెండోది రాజేశం పిడికిట్లో తనే పెట్టాడు. ఆ రోజంతా తన రొమ్ము మీద తనే చెయ్యి పెట్టుకుని, దేన్నో కొలుస్తున్నట్టు ఉండిపోయాడు.

స్వరూప మేనేజర్ దగ్గరికి పోయి సైరన్ ఆపమంది. షిఫ్టు సైరన్ ఆపాలంటే హెడ్డాఫీసు నుంచి కాయితం రావాలన్నాడు. పాత పెట్టెలు అప్పటికే ఇనపసామాను వాళ్ళ చేతిలో తునకలైపోయాయి. అయిదో మెషీన్ శుక్రవారం మధ్యాహ్నానికి వస్తుంది. నిద్రమాత్రలిస్తే ఆ రొమ్ములు అసలు లేవవన్నాడు డాక్టరు.

మంగళవారం కాలనీ మొత్తాన్ని అయిదింటికే లేపి, టీ తాపి కూర్చోబెట్టారు. లాభం లేకపోయింది. మోగబోతుందని కాచుకున్న గుండె ఇంకా గట్టిగా కొట్టుకుంది. ముప్పై చుక్కలు పసుపయ్యాయి. గట్టయ్య మొహం నీలంగా మారిపోతే అతడి కోడలు నోట్లో నోరు పెట్టి ఊది నిలబెట్టింది.

ఆ రోజు కూడా తాళం అట్లాగే ఉంది. "రిపోర్టు రాయాలండి," అన్నాడు ఫణీంద్ర తల వంచుకుని. "ఆ ఒక్క సంగతి మాత్రం మీరే రాయండి. నా చేత్తో రాయలేను."

*

సాయంత్రం స్వరూప జొన్నరొట్టె తుంచి పాలలో వేసి తెచ్చింది. ఓదెలు గిన్నె అందుకోలేదు.

"కూసో. ఒక్క మాట అడుగుత."

ఆమె కూర్చుంది.

"రాజేశంకు దమ్మాగింది. జానీమియాకు ఆగింది. ఇయ్యాల గట్టయ్య సచ్చి బతికిండు. అందరి కంటె నా రొమ్మే పాడు. మరి సైరన్ కూసినప్పుడు నాకెట్లున్నది ఎర్కేనా? గుట్ట మీద నిలబడి పీల్చినట్టున్నది. ఎట్లైతది బిడ్డా?"

"బాపు, అది లెక్కల..."

"లెక్కలొద్దు. ఏ సందుల గాలి తక్కువున్నదో, యాడ ఎక్కువున్నదో దీపం ముట్టియ్యకుంటనే చెప్తుంటి నేను. నా దగ్గరికి గాలి ఎక్కువొస్తున్నది. ఎవ్వలది అది?"

స్వరూప చెప్పింది. తాళం సంగతి చెప్పింది, మౌస్ మీద వేలు సంగతి చెప్పింది, ఎత్తని ఫోను సంగతీ చెప్పింది. చెప్తున్నంతసేపూ పాలగిన్నె చేతిలోనే ఉంది.

ఓదెలు ఎదురింటి ఖాళీ అరుగు వైపు చూశాడు. "రాజేశంకు ఎర్కేనా ఇది?"

"ఆయనకెట్ల తెలుస్తది బాపు?"

"నయం."

పాలగిన్నె ఆమె చేతిలోంచి తీసి కింద పెట్టి, "తియ్యి తాళం," అన్నాడు.

"తీస్తే నువ్వుండవు. నీ ఊపిరికి ముగ్గురి పాలు పడతది. సమానం పంచితె అందరికంటె ముందు పడేది నువ్వే. శుక్రారం దాక ఆగు బాపు, కొత్త మెషీనొస్తది, నీ కాళ్ళు మొక్కుత."

"శుక్రారం దాక పొద్దటి సైరన్ ఎన్నిసార్లు కూస్తది?"

ఓదెలే వేళ్ళు మడిచాడు.

"మూడుసార్లు. మూడుసార్లు నేను ముందుగాల ఎక్కాల్నా? కింద మందిని పెట్టి?"

"నువ్వు నా తండ్రివి."

"కాదన్ననా? తండ్రిననే గద చేసినవ్. నిన్ను నేనేమంట?" అతడి చెయ్యి ఆమె తల మీదికొచ్చింది. ఆ చేతికి ఎప్పుడూ ఉన్నంత బరువు లేదు. "గాని నీ తండ్రి సర్దార్ గూడ. ఆ సంగతి నీకెర్కుండె. ఎర్కుండి చేసినవ్. పో, లచ్చక్కకు చెప్పు. నేను పోయినంక చెప్తె నా మీదికి నెట్టినట్టుంటది."

లచ్చక్క గడపలో కూర్చుని రాజేశం చొక్కాలు మడత పెడుతోంది. స్వరూప నిలబడే చెప్పింది. లచ్చక్క మడత ఆపలేదు. ఆఖరి చొక్కా అయ్యాక, "సర్దార్‌కు తెల్సా?" అంది.

"ఇప్పుడే చెప్పిన."

"ఏమన్నడు?"

"తియ్యమన్నడు."

లచ్చక్క చొక్కాలెత్తుకుని లోపలికి పోయి తలుపేసుకుంది.

స్వరూప ల్యాంప్ రూంకు పోయి తాళం తీసింది. ఒక్క నొక్కే. రిపోర్టులో ఆ సంగతి రాసి కింద తన పేరు పెట్టింది.

*

బుధవారం పొద్దున అయిదున్నరకు ఓదెలు మొహం కడుక్కుని, ఉతికిన బనీను వేసుకుని వరండాలో బోర్డుకు ఎదురుగా కూర్చున్నాడు. ఆస్పత్రికి పోదామంటే వద్దన్నాడు. ఆక్సిజన్ సిలిండరు తెస్తానంటే, "గాలికేం తక్కువ? లాగేటోడు లేక గద," అన్నాడు. ల్యాంప్ రూంలో ఫణీంద్ర కూర్చున్నాడు. చుక్కలు స్వరూప ఫోనులో కనిపిస్తున్నాయి.

ఎదురింటి తలుపు తెరుచుకుంది. లచ్చక్క వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా ప్లాస్టిక్ బకెట్ అందుకుని బోర్డు పక్కన నిలబడింది.

"ఎవ్వలు పైకొస్తె వాళ్ళ పేరు సదువు బిడ్డా," అన్నాడు ఓదెలు. "ఒక్కటి గూడ ఇడువకు."

ఆరైంది. ఈసారి స్వరూపకు వినిపించింది. మొదట బాయి వైపునుంచి సన్నగా లేచింది. పెరిగి రేకుల మీదుగా, గోడల్లోంచి, ఆమె పళ్ళలోంచి పోయింది. పుట్టిన దగ్గర్నుంచీ దాని కిందే బతికి, అది ఇంత పొడుగుంటుందని ఆమెకు తెలియదు.

చుక్కలు పసుపయ్యాయి. తండ్రిది అందరికంటే ముందు అయింది. అతడి రెండు చేతులూ కుర్చీని పట్టుకున్నాయి. స్వరూప లేవబోయింది.

"సదువు," అన్నాడు.

నిమిషం గడిచాక ఒక చుక్క పచ్చబడింది. "నల్ల మల్లేశం," అంది. లచ్చక్క ఒక మేకు నుంచి బిళ్ళ తీసి బకెట్‌లో వేసింది. ఇత్తడి చప్పుడు. "గట్టయ్య." చప్పుడు. "పెద్ద ఇస్మాయిల్. కొలిపాక బాలయ్య. రాంసేవక్." ఓదెలు ఒక్కో పేరుకూ తల ఆడిస్తున్నాడు. ఇరవై దాటాక తల ఆడించడం తగ్గింది. పెదవులు కదులుతున్నాయి, లెక్కపెడుతున్నాడు. నలభై దాటాక వేళ్ళు మాత్రమే కదిలాయి. స్వరూప ఆ వేళ్ళ వైపు చూసి చదవడం ఆపితే, "ఆగకు," అన్నది లచ్చక్కే. అతడు అనే స్థితిలో లేడు.

యాభై ఎనిమిది. చాలాసేపటిదాకా ఇంకెవరూ రాలేదు. చివరికి ఆరో వీధి ఐలయ్య చుక్క వణికి వణికి పచ్చబడింది.

"ఐలయ్య," అంది స్వరూప. "అందరు ఎక్కిన్రు బాపు."

బిళ్ళ బకెట్‌లో పడింది. లచ్చక్క చెయ్యి కింది వరస చివరి మేకు దాకా పోయి ఆగింది. వెనక్కి తిరిగి కుర్చీ వైపు చూసింది. స్వరూప ఫోను ఒళ్ళో బోర్లించి, తండ్రి చెయ్యి పట్టుకుని కూర్చుంది. వీధిలో మొదటి షిఫ్టు వాళ్ళ బండ్లు ఒకదాని వెనక ఒకటి బాయి వైపు పోతున్నాయి.

బోర్డు మీద ఒక్క బిళ్ళ మిగిలింది.